శృంగేరి వాక్యార్థ సభ

ఏటేట భాద్రపద మాసమున వినాయక చవితి సందర్భమున శృంగేరి శారదాపీఠమున జరుగు మహాగణపతి వాక్యార్థ సభను చూడవలెనను కోరిక నాకు చిరకాలముగ నుండెను. తుంగానదిలో స్నానమాడి, విద్యాశంకరాలయమును దర్శించి సభకు చేరునప్పటికి, పీఠాధిపతుల సన్నిధిని ఒక యువపండితుడు బ్రహ్మసూత్రములలోని ఆనందమయాధికరణమును సంస్కృతమున ఉపపాదించుచుండెను.

విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యను ఐదంగములు గల విచారమే అధికరణము. వేదవాక్యార్థ నిర్ణయమునకై మీమాంసకులు వేసిన యీ బాటనే వేదాంతులును త్రొక్కిరి. తైత్తిరీయమున అన్నమయము మొదలుగ చెప్పబడినవానిలో కడపటిదైన ఆనందమయము పరబ్రహ్మమా, కాదా యనునదే ఇచ్చటి సంశయము. మయట్ ప్రత్యయమునకు ప్రాచుర్యార్థము కలదు గనుక అది బ్రహ్మమే యను పక్షమును ఆ యువకుడెంత బలముగ నిలిపెననగా, రామానుజుల శ్రీభాష్యము చదివినవారు విన్నను సంతసింతురు. పిమ్మట తానే ఎదురు తిరిగి, అన్నమయాదులయందు వికారమును చెప్పిన ప్రత్యయము ఇచ్చట మాత్రమే అర్థమును మార్చుకొనుటెట్లనియు, శిరఃపక్షాదులు చెప్పబడినది నిరవయవ బ్రహ్మమగుటెట్లనియు ప్రశ్నించి, పుచ్ఛముగ చెప్పబడిన బ్రహ్మమే ప్రతిపాద్యమని తేల్చెను. శంకరుల భాష్యక్రమమును ఇదియే.

అంతట ఒక వృద్ధపండితుడు, "సూత్రమే ప్రాచుర్యమును నోరార చెప్పుచుండగా మీ సిద్ధాంతమునకు సూత్రస్వారస్య మెక్కడిది?" అని అడ్డుపడెను. సభ నిశ్శబ్దమయ్యెను. శ్రుతిసూత్రములకు విరోధము తోచినచో సూత్రమునే వేరువిధముగ అన్వయింపవలెనను భామతీ వ్యాఖ్యలోని సమాధానమును యువకుడు చెప్పెను. వృద్ధుడు తల యూచెనే గాని పూర్తిగ తృప్తిపడినట్లు లేదు. నా మట్టుకు నాకును ఆక్షేపణమే బలీయముగ తోచినది. ఆ సూత్రములనుండియే రామానుజులు ఆనందమయుడు పరమాత్మయే యని నిర్ణయించిరి గదా!

సభ ముగిసిన పిదప కోనసీమనుండి వచ్చిన శాస్త్రిగారి నడిగితిని: "ఎవరు గెలిచినట్లండీ?"

"గెలుచుటకు ఇది జల్పము కాదు బాబూ, వాదము. పూర్వపక్షము చెప్ప చేతకానివానికి సిద్ధాంతము చెప్పు అధికారము లేదు. జీవబ్రహ్మైక్యము చెడనంతవరకు మాలో మాకెన్ని భేదములైన నుండవచ్చును."

ఆయన మాట యథార్థము. జీవుడు ప్రతిబింబమని వివరణకారులును, అవచ్ఛిన్నుడని భామతీ ప్రస్థానమువారును చెప్పుచున్నను ఇరువురును అద్వైతులే. ఇట్టి అవాంతర మతములను కూర్చియే అప్పయ్యదీక్షితులు సిద్ధాంతలేశసంగ్రహమును రచించిరి.

సంస్కృతమున కొంత ప్రవేశముగల పాఠకులు ఈ సభకు తప్పక పోవలెను. అయితే ఏదేని యొక అధికరణమును భాష్యముతో ముందుగ చదువుకొని మరీ పొండు, లేనిచో ఆక్షేపణ ఎచ్చట ముగిసి సమాధానమెచ్చట మొదలైనదో తెలియదు.