పూతరేకులకెళ్తే మండువా ఇల్లు ఆపేసింది

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం వచ్చేసినట్టే. అందరూ పూతరేకుల కోసమే వస్తారు. 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది కదా! పెద్దమ్మ ఇంట్లో భోంచేసి, నాలుగు పెట్టెలు కట్టించుకుని వచ్చేద్దామని నేనూ వెళ్లాను.

"ఒరేయ్, మన స్తంభాలు కొనుక్కుపోతానని ఒకాయన వచ్చాడ్రా" అంది పెద్దమ్మ, పప్పు వడ్డిస్తూ.

ముద్ద గొంతు దిగలేదు.

పెద్దమ్మది మండువా లోగిలి. నాలుగువైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. వాన పడితే ఇంటి మధ్యలోనే పడుతుంది, తూములోంచి బయటికి పోతుంది. చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి, పంటలు పెరిగాయి. ఆ వరి డబ్బుతోనే కోనసీమలో ఇలాంటి ఇళ్లు లేచాయి. కలపేమో ఏజెన్సీ అడవుల నుంచి గోదారి మీద తెప్పలుగా దిగేది.

ఇప్పుడా స్తంభాలకి రిసార్టుల్లో గిరాకీ. ఇల్లు కూలితే కర్రకి రేటు, ఇల్లు నిలబడితే మనకి ఖర్చు. పెద్దమ్మని తప్పుపట్టలేం. ఒక మూల కురుస్తోంది, పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు.

చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అని ఉంది, చూశారా? అక్కడ కేరళ నుంచి తెచ్చిన పాత చెక్క ఇల్లు ఉంది. విప్పి, తీసుకొచ్చి, మళ్లీ బిగించారు. బాగుంటుంది. కానీ అందులో ఎవరూ పప్పన్నం తినరు. ఊళ్లోనే నిలబెట్టే దారి ఉంటే అదే మేలు కదా అనిపించింది.

సాయంత్రం వడ్రంగిని పిలిపించాం. ఆయన స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు. "ఆయ్, కర్రకేం కాలేదండి. కింద రాయి ఉంది కదండీ, చెమ్మ ఎక్కలేదు. రెండు కప్పులు కలిసేచోట రేకు దోనె చిల్లుపడిందండి. నీళ్లన్నీ అక్కడే దిగుతున్నాయి."

అంటే జబ్బు టేకుది కాదు, రేకుది! దోనె మార్చి, ఏటా వానల ముందు పెంకు సర్దించి, దూలాల చివర్లలో చెదలు చూసుకుంటే చాలట. కొత్త ఫోన్‌కి దాచుకున్న డబ్బులు పెద్దమ్మ చేతిలో పెట్టాను. పాత ఫోన్‌తోనే ప్రతి స్తంభానికీ, ప్రతి తలుపుకీ ఫొటో తీసి, కొలతలు రాసుకున్నాను. మీ ఊళ్లో ఇలాంటి ఇల్లుంటే ఈ పని ఈ ఆదివారమే చేయండి. పైసా ఖర్చుండదు.

బయల్దేరుతుంటే పెద్దమ్మ పూతరేకుల పెట్టె చేతిలో పెట్టింది. "ఈ వానాకాలం చూద్దాంలే" అంది.

కొనేవాడి నంబరు మాత్రం క్యాలెండర్ మీద అలాగే ఉంది.