చాందాలో క్రిస్మసు విందు

చంద్రపూరును మా పెద్దలు నేటికీ చాందా అనే అంటారు. 1982లో గడ్చిరోలి విడివడేవరకు సిరొంచ తెలుగువారూ ఈ జిల్లావారే. మా పక్కింటి వదినగారిది సిరొంచే. ఏటా డిసెంబరు 25న మమ్మల్ని విందుకు పిలుస్తారు. ఆనాడు ఆమె పొయ్యి ఖాళీ ఉండదు. కనుక అక్కడ వేడిచేయవలసినదేదీ మేము తీసికొని వెళ్లము. ముందురోజే గులాబీపువ్వులు వేసికొంటాము. కాగిన అచ్చును పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు.

నిరుడు వదినగారి అత్తగారు పోయారు. ఆ యింట అరిసెలు ఆమె చేతివే. "ఈసారి అరిసెలు లేవులెండి" అన్నారు వదినగారు. మేమే చేసి పట్టుకెళ్లాము. పాకం ముదిరి గట్టిపడ్డాయి. వదినగారు ఒకటి కొరికి, "అత్తయ్యవీ ఇంతే గట్టి!" అని నవ్వి, కళ్లు తుడుచుకొని, పెద్దావిడ పీటముందు మొదటి విస్తరి వేశారు.