ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత

నవంబరు 1

ఇవాళేం రోజని పామర్రు సెంటర్లో ఎవర్నడిగినా రాష్ట్రావతరణే అంటారు. 1864లో ఇదే తేదీ రాత్రి సముద్రం బందరును ముంచేసింది. 13 అడుగుల ఎత్తున లేచిన అల కొన్నిచోట్ల 17 మైళ్ళు లోపలికి వచ్చింది. 30,000 మంది పోయారని మెకంజీ దొర 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్ చెబుతుంది. మనకు బందరెంత, బస్సెక్కితే గంట. అయినా ఆ గాలివాన సంగతి తాతల నోట విన్నవాళ్ళు ఈ చుట్టుపక్కల నాకు తగల్లేదు.

అదే బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్దపు వర్తకుల పేర్లు, వంశచిహ్నాలు రాళ్ళ మీద చదువుకోవచ్చు. ఆ ముప్పై వేలమందిలో ఒక్క పేరూ నాకు దొరకలేదు. ఇది నన్ను పట్టుకుని వదలడం లేదు.

నవంబరు 6

కూచిపూడి మీదుగా ఘంటసాల వెళ్ళొచ్చాను. స్తూపం దిబ్బ ఎక్కి చూస్తే కనుచూపు మేర వరి చేలే. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన రేవు ఇదేనంటారు. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుతో సముద్రం అంతంత దూరం జరిగిపోయింది.

నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటుంది. బోధిసిరి అనే ఉపాసిక తన దానాలన్నీ వరసగా చెక్కించింది. అందులో కంటకసెల మహాచైత్యం తూర్పు వాకిట కట్టించిన రాతి మండపం కూడా ఉంది. కంటకసెల అంటే ఈ ఘంటసాలే. ఆ మండపం లేదు, ఆమె పేరు మాత్రం ఉంది. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఒక ఆడమనిషి పేరు మనకు తెలుసు. 1864లో పోయిన బందరు ఇల్లాలి పేరు తెలీదు.

నవంబరు 11

వీధి చివర పెద్దమ్మగారింట్లో సాయంత్రమంతా కూర్చున్నాను. 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఆవిడ కొత్త కోడలు.

"నాగుల చవితి వెళ్ళిన వారంలోనే, శనివారం. మాకు గాలేరా అబ్బాయ్, ఉప్పెన దివి వాళ్ళకి," అంది. గాలి ఎక్కువయ్యేసరికి మామగారు కొడవలి పట్టుకుని పశువుల పాకలోకి పరిగెత్తి గేదెల పలుపులు కోసేశాడట. "ముడులు విప్పే తీరికేదీ? కట్టేసి ఉంటే పాక మీద పడి చచ్చేవి." పలుపు కోసిన తీరు చేత్తో చూపించింది, కిందనుంచి పైకి ఒక్క లాగు. తెల్లారి చూస్తే పాక కప్పు పక్క చేలో ఉందట. గేదెల్లో రెండు మూడో రోజుకు తిరిగొచ్చాయట.

తర్వాత పులిహోర పొట్లాలు, పాతబట్టలు వేసుకుని లారీలు ఇటునుంచే చల్లపల్లి, అవనిగడ్డ వైపు వెళ్ళాయట. ఆవిడ పిల్లల వయసులు ఇప్పటికీ ఉప్పెనతోనే లెక్క: పెద్దాడు ఉప్పెన వెళ్ళిన ఏడాదికి, పిల్ల మరో మూడేళ్ళకి.

నవంబరు 14

నిమ్మకూరు. ఊళ్ళో ఎవర్ని కదిపినా ఎన్టీ రామారావుగారి మాటే. ఆయన పేరు పెట్టిన జిల్లాలో ఆయన పుట్టిన ఊరు లేకపోవడం వాళ్ళకి కష్టంగానే ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పామర్రు మండలం కృష్ణాలోనే ఉండిపోయింది.

నేను వెళ్ళింది వేరే పని మీద. మునసబు, కరణం ఉద్యోగాలను 1984లో ఆయన ప్రభుత్వమే తీసేసింది. ఊళ్ళలో చావుపుట్టుకలు రాసింది ఆ గ్రామాధికారులే. 1977 నాటి పుస్తకాలు ఇళ్ళలో ఎక్కడైనా మిగిలాయేమోనని పాత కుటుంబాలవాళ్ళను అడుగుతున్నాను. అటక మీద కట్టలున్నాయి, కోతలయ్యాక దింపిస్తామన్నారు ఒకచోట.

నవంబరు 19

దివిసీమలో పోయినవాళ్ళు పదివేలకు పైనే అని చదువుతాం. పెద్దమ్మగారు ఇవాళ తన పుట్టింటివైపు పోయినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుని చెబుతుంటే రాసుకున్నాను. మేనత్త, మేనత్త మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు. ఇంకా బారసాల కూడా కాని పసివాడు. వాడి గడిలో "మేనత్త మనవడు" అని రాశాను. ఆ కాగితం ఆవిడకు చదివి వినిపిస్తే ఒక ఇంటిపేరు దిద్దించింది. మిగతా పేర్లు నాగాయలంకలో పిన్ని కొడుక్కి తెలుసంటూ ఫోన్ నంబరు ఇచ్చింది. ఆదివారం వెళ్తున్నాను.