ఓటు ఒకరికి, డబ్బు ఇంకొకరి మీద

2024 నవంబరు 5 రాత్రి, అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫలితాల కోసం, న్యూయార్క్ క్వీన్స్‌లో మా ఇంట్లో అందరం టీవీ ముందే కూర్చున్నాం. మా అమ్మాయికి అది మొదటి ఓటు. పెన్సిల్వేనియా ఫలితం తేలేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటింది. మేమిద్దరం ఓటేసిన అభ్యర్థి ఓడిపోయినట్టే. అమ్మాయి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నా చేయి ఫోన్ మీదికి పోయింది. 57 సెంట్లకు కొన్న కాంట్రాక్టు డాలరుకు చేరువలో ఉంది.

"నాన్నా, ఎందుకు నవ్వుతున్నావ్?" అంది.

అది అడిగేదాకా నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

అక్టోబరు మధ్యలో ఆ కాంట్రాక్టులు 500 కొన్నాను, 285 డాలర్లు పెట్టి. నేను ఓటు వేయబోయే అభ్యర్థి మీద కాదు, ఎదుటి అభ్యర్థి మీద. గెలిస్తే ఒక్కోదానికి డాలరు, ఓడితే సున్నా. మధ్యలో ధర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, నచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. ఆ ధరే గెలుపు అవకాశమంటారు, 57 సెంట్లంటే నూటికి 57 అన్నమాట. కొనేముందు నేను చూసుకున్నది ఒక్కటే, ఇది న్యూయార్క్‌లో ఉండే నాకు చట్టబద్ధమేనా అని. యాప్ అవునంది. అంతకుమించి అడగలేదు.

అప్పట్లో ఆ 'అవును' వయసు కొన్ని రోజులే. అమెరికాలో ఈ వ్యాపారం చాలాకాలం చిన్న గదిలోనే నడిచింది. 1988లో అయోవా విశ్వవిద్యాలయం చదువు కోసం మొదలుపెట్టిన బజారులో ఒక మనిషి 500 డాలర్లకు మించి పెట్టకూడదు. పాలీమార్కెట్ అనే ఇలాంటి ఆన్‌లైన్ బజారు 2022లో 14 లక్షల డాలర్ల జరిమానా కట్టి అమెరికా వాళ్లకు తలుపులు మూసింది. 2023లో కల్షీ అనే సంస్థ కాంగ్రెస్ ఏ పార్టీ చేతికి వస్తుందన్న దాని మీద కాంట్రాక్టులు అమ్ముతానంటే, ఫెడరల్ నియంత్రణ సంస్థ కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ వీల్లేదంది. కల్షీ కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి జియా కాబ్, ఎన్నిక ఆట కాదు కాబట్టి దాని మీద కాంట్రాక్టు చట్టంలో చెప్పిన 'గేమింగ్' కిందికి రాదని తీర్పిచ్చారు. అక్టోబరు 2న అప్పీలు కోర్టు కూడా ఆపడానికి ఒప్పుకోలేదు. అంతే, తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నికల్లో మోసాలు పట్టుకునే పోలీసు పని మాది కాదు, దానికి మాకు శక్తి లేదు అని ఆ కమిషనే కోర్టులో మొత్తుకుంది. ఎన్నికలకు తలుపులు తెరిచిన ఇదే దేశంలో ఉల్లిపాయల మీద ఫ్యూచర్స్ వ్యాపారం 1958 నుంచి నిషేధం. ధరలతో ఇద్దరు వ్యాపారులు ఆడుకుంటే రైతులు మునిగిపోయారని ఆ చట్టం తెచ్చారు.

అమ్మాయి అడిగిన మాట వారం రోజులు నన్ను వదల్లేదు. అప్పుడు కూర్చుని చదివాను. ఫెడరల్ చట్టం సరే, నా రాష్ట్రం ఏమంటోంది అని. న్యూయార్క్ రాజ్యాంగం రెండో ఆర్టికల్, మూడో సెక్షన్. ఓటుకు డబ్బు ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఆ ఎన్నికలో ఓటు వేయరాదని అందులో ఉంది. ఆ వెంటనే, అదే వరుసలో, ఆ ఎన్నిక ఫలితం మీద పందెం కాసినవాడు కూడా వేయరాదని ఉంది. ఎవరైనా అభ్యంతరం చెబితే, నేను పందెం కాయలేదని ఆ ఓటరు అధికారుల ముందు ప్రమాణం చేయాలి. విస్కాన్సిన్ చట్టంలోనూ ఇలాంటి మాటే ఉంది.

నేను కొన్నది ఆ రాజ్యాంగం భాషలో పందెమా, కాంట్రాక్టా? వాషింగ్టన్ తీర్పు ఒక ఫెడరల్ చట్టంలోని మాటకు అర్థం చెప్పింది, న్యూయార్క్ ఓటరు గురించి కాదు. లాయర్లు రెండు వైపులా వాదించగలరు. కానీ ఆ రాత్రి నా మొహం చూసిన పిల్లను అడిగితే వాదన అక్కర్లేదు. నన్నెవరూ ప్రమాణం చేయమనలేదు. చేయమని ఉంటే, ఆ బల్ల ముందు నిలబడి ఏం చెప్పేవాణ్ణి?

మా పెదనాన్న గుర్తొచ్చాడు. పశ్చిమ గోదావరిలో ఎన్నికలొస్తే రూపాయికి రూపాయి, ఎకరానికి ఎకరం పందెం. మధ్యవర్తి దగ్గర డబ్బు పెట్టి, ఫలితం వచ్చాక గెలిచినవాడు తీసుకుపోవడం. 1989లో ఎన్టీఆర్ మళ్లీ వస్తాడని అరెకరం ఒడ్డాడు పెదనాన్న. పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడిపోయాడు. పొలం గట్టు మారింది. ఇంట్లో చాన్నాళ్లు ఆయన్ని తప్పుపట్టారు, నేనూ పట్టాను. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడు కొత్తగా కనిపిస్తోంది. ఆయన నమ్మినవాడి మీదే కాశాడు. నష్టపోయినా ఆయన ఓటూ డబ్బూ ఒకవైపే ఉన్నాయి. నేను తెలివిగా లెక్క వేసి, నేను వద్దనుకున్న ఫలితం కోసం రాత్రంతా ఎదురుచూశాను.

దీన్ని బీమా అంటారు కొందరు. మనవాడు ఓడితే డబ్బైనా వస్తుందని. నేనూ అలాగే అనుకున్నాను. పంట బీమా కట్టిన రైతు వడగళ్ల కోసం ఆకాశం వైపు చూడడు. నేను చూశాను.

ఆ తరవాత రాష్ట్రాలు కదిలాయి. 2025 మార్చిలో నెవాడా గేమింగ్ బోర్డు, క్రీడల మీదా ఎన్నికల మీదా కాంట్రాక్టులు ఆపమని కల్షీకి నోటీసిచ్చింది. లాస్ వెగాస్ ఉన్న ఆ రాష్ట్రంలో కాసినోలకు కూడా ఎన్నికల పందేలు తీసుకునే అనుమతి లేదు. న్యూజెర్సీ, మేరీలాండ్ క్రీడల కాంట్రాక్టుల మీద పోరాడాయి. కోర్టులు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చెప్పాయి. మే నెలలో ఫెడరల్ కమిషన్ కల్షీ తీర్పు మీద వేసిన తన అప్పీలును తానే వదులుకుంది. ఎన్నికల మీద ఎవరు కాయవచ్చో చెప్పాల్సింది ఆ ఎన్నిక జరుపుకునే రాష్ట్రమేనని నా నమ్మకం. ధాన్యం, చమురు, వడ్డీ రేట్ల లెక్కలు చూసే కమిషన్‌కు ఓటు సంగతి అప్పగించడం తప్పు.

2025 నవంబరులో న్యూయార్క్ మేయరు ఎన్నికకూ ఆ ధరలు నడిచాయి. నేను యాప్ తీసేసి చాలా రోజులైంది. అమ్మాయీ నేనూ కలిసి వెళ్లి ఓటేసి వచ్చాం.

న్యూయార్క్‌లో ఉండే తెలుగువాళ్లకు ఒక మనవి. ఎప్పుడైనా ఫోన్‌లో ఏ అభ్యర్థి ధరైనా కొనాలనిపిస్తే, ముందు ఆ మూడో సెక్షన్ తెరిచి చదవండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు.