జానెడు ఆల్విన్ నిస్సాన్!

విలన్ కారు లోయలో పడుతుంది. పల్టీలు కొడుతుంది. ఢామ్మని అంటుకుంటుంది. హాల్లో మనం ఈలలు వేస్తాం. ఆ పడిన కారు పొడవెంతో ఎప్పుడైనా ఆలోచించారా? పాత సినిమాల్లో చాలాసార్లు అది మూరెడు కూడా వుండదు! లోయ కూడా స్టూడియో మూల కట్టిన మట్టిదిబ్బే.

మరి బొమ్మ అని ఎందుకు తెలియదంటారా? కిటుకు కెమెరాలో వుంది. నిజం కారు 24 మీటర్ల ఎత్తు నుంచి నేలకి రావడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. అందులో ఇరవైనాలుగో వంతు బొమ్మ మీటరు ఎత్తు నుంచి పడితే అర సెకను కూడా పట్టదు, టపుక్కున పడిపోతుంది. అందుకని మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాని అయిదింతల దగ్గరికి, అంటే 118 ఫ్రేముల వేగానికి పెంచుతారు. ఆ ఫిల్మును మామూలు వేగంతో ఆడిస్తే బొమ్మకి బరువొస్తుంది. 24కి వర్గమూలం 4.9, లెక్క అంతే. స్కూల్లో లెక్కల మాస్టారు ఈ సంగతి చెప్పివుంటే మనలో సగంమంది పాసయ్యేవాళ్లం!

మనవాళ్లకి ఈ విద్య కొత్తేం కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ద్వారకానగరం గుర్తుందా? గోఖలే, కళాధర్‌గార్ల ఆధ్వర్యంలో వాహినీ స్టూడియోలో సుమారు 50 అడుగులకి 60 అడుగుల జాగాలో చిన్నచిన్న ఇళ్లతో కట్టిన బొమ్మల పట్నం అది. 2012లో 'స్కైఫాల్'లో పేలిపోయిన జేమ్స్‌బాండ్ ఆస్టన్ మార్టిన్ కూడా మూడోవంతు నమూనాయే. అసలు కారుని పేల్చడానికి ఎవరికి మనసొస్తుంది చెప్పండి!

ఇక నా సంగతి. మాది హత్నూర. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మిగతా టైమంతా బొమ్మ బండ్లతోనే. మా దగ్గర ఈ లోకం అంతా బండ్లదే. పొద్దున లేస్తే డ్రమ్ములు మోసే డీసీఎంలు, ట్యాంకర్లు, స్టాఫ్ బస్సులు. అన్నట్టు, డీసీఎం అన్నది ఢిల్లీ కంపెనీ పేరు. 1980ల్లో జపాను టొయోటాతో కలిసి చిన్న లారీలు చేసింది. ఆ పొత్తు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మా ఊళ్లలో ప్రతి చిన్న లారీకీ అంటుకుంది. ఆ రోజుల్లోనే స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి వచ్చాయి. నాలుగోది మన బండి. ఫ్రిజ్‌లు, వాచీలు, డబుల్ డెక్కర్ బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చేసిన ఆల్విన్ నిస్సాన్. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది.

మా నాయిన నడిపింది ఆ బండే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని మీదే నన్నూ చెల్లెనీ చదివించాడు. చివరికి బండి తుక్కుకి పోయింది. నాలుగేళ్ల కింద షుగరుతో నాయిన చూపూ పోయింది. వెలుతురు తప్ప ఏమీ ఆనదు. నిరుడు దసరానాడు, వీధిలో బండ్లకి నిమ్మకాయలు తొక్కిస్తుంటే అరుగు మీద కూచుని అన్నాడు: "బండిని ఒక్కపారి చేత్తోటి తడిమితే బాగుండురా."

అంబాసిడర్ బొమ్మ ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఆల్విన్ నిస్సాన్ నేను అడిగిన ఏ షాపులోనూ లేదు. కనుక చెక్కాల్సిందే!

మొదట సైజు. అగ్గిపెట్టె బొమ్మల కార్లు పేరుకి 64వ వంతు అంటారు గాని డబ్బాలో పట్టేలా చేస్తారు కనుక బస్సూ కారూ ఒకే పొడవుంటాయి. షోకేసుల్లో పెట్టేవి 43వ వంతు, 18వ వంతు. చేత్తో చెక్కేవాళ్లకి 24వ వంతు హాయి. అంబాసిడర్ నాలుగు మీటర్ల ముప్పైరెండు సెంటీమీటర్లయితే బొమ్మ 18 సెంటీమీటర్లు. మా బండి జానెడు.

కొలతలు ఎక్కడివి? బండి లేదు, ఒక్క ఫోటో వుంది. దసరాకి పక్కనుంచి తీసింది, తలుపు మీద చెయ్యేసి నాయిన నిలబడ్డాడు. ఆయన ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. 24వ వంతులో సరిగ్గా ఏడు సెంటీమీటర్లు! ఫోటోలో ఆయన మూడున్నర సెంటీమీటర్లున్నాడు. అంటే ఫోటోలో వున్న ప్రతి కొలతకీ రెట్టింపు వేస్తే చాలు. కాని తొందరపడకండి. ఫోటో తీసినవాడు పదిహేనడుగుల దూరంలో వున్నాడు, నాయిన బండి కన్నా అడుగు ముందుకున్నాడు. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. కనుక బండి కొలతలకి రెట్టింపు మీద నూటికి ఏడు కలపాలి. సినిమాల్లో హీరోని ముందుకి నిలబెట్టి పొడుగు చూపించే కిటుకు ఇదే!

బాడీకి ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు మంచిది. దొరక్కపోతే ఫ్లెక్సీ షాపులో సన్‌బోర్డు అడగండి. షీటుని కత్తితో పూర్తిగా కోయకూడదు. స్కేలు ఆనించి రెండు గీతలు గీసి, వంచితే టక్కున విరుగుతుంది. అంచు నున్నగా వస్తుంది. వంపు తిరిగిన మూలలకి నాలుగు పొరలు అతికించి ఆకురాయితో రాయాలి. అద్దాలకి కొత్త చొక్కా డబ్బా మీది ప్లాస్టిక్ చాలు. ఫెవిక్విక్ మాత్రం అద్దాల దగ్గరికి రానివ్వకండి, ఆవిరికే తెల్లటి పొగ పట్టేస్తుంది. తెల్ల జిగురే వాడాలి.

సందులు పూడ్చడానికి ఫెవిక్విక్ చుక్క మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయి అవుతుంది. దీనికి తాత కొండపల్లిలో వుంది. అక్కడి బొమ్మలవాళ్లు తెల్ల పొణికి కర్ర ముక్కల్ని రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపిన మక్కుతోనే అతుకుతారు. మెల్లగా ఆరుతుంది కనుక దిద్దుకోవడానికి టైముంటుంది. నా ఓటు మక్కుకే.

రంగు దగ్గరే అందరూ కంగారు పడతారు. మెకానిక్ షెడ్డులో వాడే థిన్నర్ రంగు నేరుగా పోస్తే ప్లాస్టిక్ కరిగిపోతుంది. ముందు యాక్రిలిక్ ప్రైమర్ పల్చగా వేసి, ఆరాక 800 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. రంగు పాలంత పల్చగా వుండాలి. జానెడు దూరం నుంచి మూడు నాలుగు పల్చని కోట్లు. ఒకే దెబ్బకి వేస్తే మూలల్లో కన్నీళ్లు కారతాయి (రంగుకి, మీకూ). వానాకాలం సాయంత్రాలు వద్దు, లక్క రంగు తేమకి తెల్లబడుతుంది. పని మొదలుపెట్టే ముందు నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

హెడ్‌లైట్ చుట్టూ మెరుపు కావాలా? మాత్రల పట్టీ వెనక రేకు తీసి అతికించి, పుల్లకి దూది చుట్టి రుద్దండి. టైర్లు నిగనిగలాడితే బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది. నేల తాకేచోట గరుకు కాగితంతో రుద్ది నలుపు చంపాలి. ఎర్రమట్టి పలుచని బట్టలో రెండుసార్లు జల్లించి బురద రెక్కల కింద అద్దండి. జల్లించకపోతే మట్టి రేణువులు ఆ సైజుకి బండరాళ్లే!

ఇంతవరకూ కంటికి చేసే పని. నా బండి వేళ్లకి చేసేది. తలుపు సందు అసలు బండిలో అయిదు మిల్లీమీటర్లనుకుంటే బొమ్మలో 0.2 రావాలి. అది కంటికి గీత, వేలికి శూన్యం. అందుకని కావాలనే అర మిల్లీమీటరు తవ్వాను. తలుపు పిడి కూడా కొంచెం లావు చేశాను. లెక్క తప్పితే నమూనాయే కాదనే పట్టుదల మనుషులున్నారు. వాళ్ల బండి షోకేసులో వుంటుంది, నాది మా నాయిన ఒళ్లో.

దసరా ఫోటోలో బంతిపూల దండ బంపరంతా కప్పేసింది. నాయిన్ని అడిగితే గడగడా చెప్పాడు. "కుడిదిక్కు నొక్కుకపోయింది. సదాశివపేట కాడ బర్రె అడ్డమొచ్చింది. డాలా కొండి ఒకటి వంకర, సుత్తెతోటి కొడితేనే పడ్తది." కొవ్వొత్తి సెగ చూపి బంపరు ప్లాస్టిక్కుని చెంచా వెనకతో నొక్కాను. కొండీలకి పాత స్పీకరు తీగ. గొలుసుకి అమ్మ తెగిన గిల్టు గొలుసు ఇచ్చింది. "పనికిరాని పనికి నా గొలుసా" అంటూనే ఇచ్చిందనుకోండి!

ఒక ఆదివారం బండి ఆయన చేతుల్లో పెట్టాను. ముందు మాట్లాడలేదు. వేళ్లు బంపరు మీద ఆగి, నొక్కు దగ్గర నవ్వాడు. డాలా కొండి వెతికి దించాడు, మళ్లీ ఎత్తి బిగించాడు. చక్రాలు తిప్పాడు. ఎడమ తలుపు దగ్గరికి వచ్చేసరికి మొహం మారింది.

"ఈ దిక్కు అద్దం లేకుండె గదరా."

"ఫోటోల వుంది గదా నాయినా."

"ఫోటో దిగినప్పుడు వుండె. తర్వాత విరిగింది. మళ్ల కొననే లేదు, మీ ఫీజులుండె." కాసేపాగి, "సరే, వుండనీ" అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ అక్కడే తడిమాడు.

ఆ రాత్రి అద్దాన్ని ఊడదీసి, దాని కాడకి సన్నటి ఇత్తడి తీగ గుచ్చి, తలుపుకి సూదితో రంధ్రం చేశాను. ఇప్పుడు అద్దం పెట్టుకోవచ్చు, తీసెయ్యొచ్చు. అగ్గిపెట్టెలో వేసి నాయిన దిండు కింద వుంచాం. కొన్ని రోజులు బండికి అద్దం వుంటుంది, కొన్ని రోజులు వుండదు.