ఫేర్‌వెల్ చీర

బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో చీరల దుకాణం. తెల్లటి పరుపు అంచున ముడుచుకుని కూర్చున్న ఆ తండ్రికి రాత్రంతా నిద్ర లేదు. గూడ్స్ రైలు గార్డు ఆయన. 2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు కానీ ఇంట్లో ఇంకా గార్డే. 2003 నుంచి రైల్వే జోన్ కేంద్రమైన ఈ ఊళ్లో ఇలాంటి తెలుగు కుటుంబాలకు కొదవలేదు. డ్యూటీ దిగి, నెహ్రూ నగర్ ఇంట్లో స్నానం చేసి, కూతుర్ని స్కూటర్ ఎక్కించుకుని వచ్చాడు.

అమెరికా పిల్లలకు ప్రామ్ ఎలాగో ఇక్కడ పన్నెండో తరగతికి ఫేర్‌వెల్ అలాగ. అక్కడ గౌను, ఇక్కడ చీర. చాలామంది అమ్మాయిలకు అదే మొదటి చీర. అసలిది తల్లి చూసుకోవలసిన బేరం. ఆమేమో విజయనగరంలో, మంచం పట్టిన అమ్మ దగ్గరుంది.

ఆయన చెయ్యి మాటిమాటికీ చాంపా నేతగాళ్ల కోసా పట్టు మీదికే పోతోంది. అమ్మాయి మాత్రం నల్ల జార్జెట్ వదల్లేదు.

''శుభమా అని వెళ్తూ నలుపేంటమ్మా?'' దుకాణదారుకు అర్థం కాకుండా తెలుగులో అడిగాడు.

''ఆ కోసా ధర చీటీ చూశావా నాన్నా? ఒక్కరోజుకి అంతెందుకు? కోచింగ్ ఫీజు ఇంకా కట్టాలిగా.''

ఆయన చూడలేదు. ఆమె అన్ని చీటీలూ చూసింది. నలుపు గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఫాల్ కుట్టించాలా అన్నాడు దుకాణదారు. అదేమిటో తెలియక, బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు. ఫాల్, పీకో, జాకెట్ కొలతలు, లోపలి లంగా అన్నీ చెప్పి, చివర్లో ఆమె రంగేమిటని అడిగింది.

''నీలం,'' అన్నాడు. ''ముదురు నీలం.''