బండి చేతులు మారింది, పేరు మారలేదు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన ఆ తెలుగు కుర్రాడికి కార్లంటే మోజేమీ లేదు. కారు అమ్మకం అనగానే అతనికి గుర్తొచ్చేది బాబాయి ఇంటికొచ్చిన నోటీసు. బాబాయి తన పాత అంబాసిడర్‌ను కోల్‌కతాలో ఎవరికో అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, తాళాలిచ్చేసి వచ్చాడు. ఆర్‌సీ మీద పేరు మాత్రం మారలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆ బండి ఎవరినో గుద్దితే, పరిహారం కట్టమంటూ నోటీసు వచ్చింది బాబాయికే. రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది కూడా.

సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో పగలంతా ఎవరి కోసమో ప్రోగ్రాములు రాసే అతను, రాత్రుళ్లు పాత కార్ల అమ్మకానికి ఓ వెబ్‌సైట్ కట్టడం మొదలుపెట్టింది అందుకే. కార్‌వాలే, కార్‌దేఖో ఉండగా ఇంకొకటెందుకని మిత్రులు నవ్వారు. ఇతని సైట్ ముందు ధర అడగదు, ఫొటో అడగదు. కాగితాలడుగుతుంది. అమ్మేవారి ఫారం 29, ఇద్దరూ సంతకం చేసే ఫారం 30. బ్యాంకు అప్పు తీరిన బండైతే ఫారం 35. వేరే రాష్ట్రానికి పోతుంటే నిరభ్యంతర పత్రానికి ఫారం 28. అమ్మకం జరిగిన రోజు నుంచి అమ్మినవారికి 14 రోజుల లెక్క మొదలవుతుంది. అంతలోగా రవాణా అధికారికి తెలపాలన్నది మోటారు వాహనాల చట్టం మాట. గడువు దగ్గరపడుతుంటే సైట్ గుర్తుచేస్తుంది.

మొదట్లో బండి వయసును తయారైన సంవత్సరం నుంచి లెక్కించాడు. పాత విడిభాగాలకు పేరుపడ్డ మల్లిక్ బజార్‌లో ఓ వృద్ధ వ్యాపారి తెర మీద అది చూసి తల అడ్డంగా ఊపాడు. ‘‘బండి పుట్టిన ఏడు వేరు బాబూ, పేరు పెట్టిన రోజు వేరు.’’ సొంత కారు ఆర్‌సీకి 15 ఏళ్ల గడువు నడిచేది రిజిస్ట్రేషన్ తేదీ నుంచే. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాడికి ఆ ముక్క అంతవరకు తట్టలేదు.

సైట్ ఓ కొలిక్కి వచ్చాక, మరో ఊళ్లో మరెవరైనా ఇలాంటిదే కట్టుకుంటారని ఓ ఆదివారం రాత్రి కోడ్ మొత్తాన్ని అందరికీ తెరిచిపెట్టాడు. హైదరాబాద్ నుంచి మిత్రుడి ఫోన్: ‘‘ఒరేయ్, లైసెన్స్ ఏదిరా?’’ నిజమే. లైసెన్స్ లేకుండా పెట్టిన కోడ్‌ను చూడొచ్చు గానీ వాడుకునే హక్కు ఎవరికీ రాదు, కాపీరైట్ అడ్డొస్తుంది. అతను అఫెరో జీపీఎల్‌ను ఎంచుకున్నాడు. 2007లో వచ్చిన ఈ లైసెన్స్ ప్రకారం, కోడ్‌ను మార్చి దాంతో సైట్ నడిపేవారు ఆ మార్పుల్ని సైట్ వాడేవారికీ ఇవ్వాలి.

మూడో రోజు ఓ విద్యార్థి రాసిన రెండు వాక్యాలు అతని నిద్ర పోగొట్టాయి. పరీక్ష కోసం పెట్టుకున్న ఫైల్‌లో అసలైన అమ్మకందారుల ఫోన్ నంబర్లున్నాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా! కంగారుగా ఫైల్ తీసేశాడు. తీసేస్తే పోతుందా? లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ పాత ప్రతుల్ని జాగ్రత్తగా దాచిపెడుతుంది. దాని గొప్పతనమే అది. పాస్‌వర్డ్ మార్చి, చరిత్ర మొత్తాన్ని తిరగరాసేసరికి తెల్లారింది. ఈలోగా ఎవరైనా నకలు తీసుకుని ఉంటే దానికి మందు లేదు.

కోడ్ అతనిది, పంచుకున్నాడు. నంబర్లు అతనివి కావుగా. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. కొందరు తిట్టారు, ఒకాయన మాట పూర్తికాకుండానే పెట్టేశాడు. బెహాలాలో ఓ పెద్దావిడ మాత్రం అంతా విని, ‘‘నంబర్ సంగతి పోనీలే బాబూ. బండి మా ఆయన పేరు మీదుంది. ఆయన పోయి ఏడాదైంది. నీ సైట్ యజమాని సంతకం అడుగుతోంది, ఎవర్ని పెట్టమంటావు?’’ అంది.

యజమాని చనిపోతే బండిని ముందు వారసుల పేరిట మార్చాలి. దానికి వేరే ఫారం ఉంది, 31. అతను రాసిన కోడ్‌లో ఎక్కడా దాని ఊసే లేదు. ఆవిడను లైన్‌లోనే ఉంచి, అతను ల్యాప్‌టాప్ తెరిచాడు.